నల్లకోటు నుంచి కరుణరథం దాకా

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు గానీ, ఇటు చీరాల-పేరాల వైపు గానీ శుభ శుక్రవారం నాడు ఏ పల్లె మీదుగా వెళ్లినా మైకులో వినిపించే పాట ‘కదిలింది కరుణరథం’. దాన్ని రాసినవారు పాస్టరు కాదు, సువార్తికుడూ కాదు. వృత్తిరీత్యా న్యాయవాది. నాటకాలు రాసిన మనిషి. తెనాలిని ఆనుకుని ఉన్న కొలకలూరులో 1934లో పుట్టిన మోదుకూరి జాన్సన్.

తెనాలికి ‘ఆంధ్రా ప్యారిస్’ అని పేరు తెచ్చింది నాటకరంగమే. ఆ గాలి పీల్చి పెరిగినవారు కనుక జాన్సన్ చేతికి కలం కన్నా ముందు సంభాషణ వచ్చి ఉంటుంది. ‘నటనాలయం’ ఆయన నాటకమే. సినిమాల్లోకి కూడా మాటల రచయితగానే అడుగుపెట్టారు. ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మరో ప్రపంచం’ (1970) మాటలు ఆయనవే. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు, 1978లో వచ్చిన ‘కరుణామయుడు’తో ఆయన పేరు క్రైస్తవ కుటుంబాల్లో స్థిరపడింది. పేరు స్థిరపడింది అనడం కన్నా పాట స్థిరపడింది అనాలి. ఆ పాటను చిన్నప్పటి నుంచీ పాడుతున్నవాళ్లలో రచయిత ఎవరో చెప్పగలిగేవాళ్లు బహు కొద్దిమంది. ఇది నాకు బాధగానే ఉంటుంది.

పాటలోని ఊహ చూడండి. సిలువ మోస్తూ కొండ ఎక్కుతున్న మనిషి నడకను ఆయన రథంతో పోల్చారు. తిరునాళ్లలో రథం కదిలినప్పుడు జనం పక్కకు జరిగి చేతులు జోడించడం చూసి పెరిగిన మనిషికే ఆ పోలిక తడుతుందని నా నమ్మకం. యెరూషలేము వీధిని ఆయన గుంటూరు సీమ మాడవీధిలోంచి చూశారు. ఓడిపోయినట్టు కనబడేవాడిని ఊరేగింపులో దేవుడిగా చూపించడానికి ఒక్క సమాసం సరిపోయింది. పాడినవారు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. హరికథలు చెప్పిన సాంబమూర్తిగారి అబ్బాయి. కథను పాటగా నడిపించే విద్య ఆ ఇంట్లోనే ఉంది.

సినిమా పాట గుడిలోకి వెళ్లడం మామూలు సంగతి కాదు. పెద్దలు సినిమా వరసలంటేనే మొహం చిట్లించే రోజులవి. ఈ పాట మాత్రం తెర మీంచి దిగి, పాటల పుస్తకాల్లోకి ఎక్కి, క్వయర్ పిల్లల నోట్లో పడింది. జాన్సన్ 1988లో కన్నుమూశారు. యాభై ఏళ్లు దగ్గరపడుతున్నా పాట ఎక్కడా ఆగలేదు.

‘కరుణామయుడు’ దర్శకుడు ఎ. భీమ్‌సింగ్ సినిమా విడుదల కాకముందే, అదే ఏడాది మొదట్లో చనిపోయారు. తమిళంలో శివాజీ గణేశన్‌తో ‘ప’ అక్షరంతో మొదలయ్యే సినిమాలు వరసగా తీసిన దర్శకుడాయన. ఆయన పోయాక మిగిలిన పనిలో ఫ్రాన్సిస్కన్ గురువు క్రిస్టఫర్ కొయెలోది పెద్ద చెయ్యి.

అదే సినిమా ‘దయాసాగర్’ పేరుతో హిందీలోకి వెళ్లింది. ఇంకా ఎన్నో భారతీయ భాషల్లోకి వెళ్లింది. థియేటర్లు లేని పల్లెల్లో ప్రొజెక్టరు, తెర భుజాన వేసుకుని తిరిగే బృందాలు దాన్ని దశాబ్దాల పాటు ఆడించాయి. మన గుంటూరు జిల్లా వకీలు మాటలు దేశమంతా తిరిగాయన్నమాట.

అందులో యేసుగా నటించిన విజయచందర్ టంగుటూరి ప్రకాశం పంతులుగారి మనుమడు. ఆ పంతులుగారి పేరు పెట్టుకున్న ప్రకాశం జిల్లాలోనే 2022 ఏప్రిల్ దాకా పేరాల ఉంది. ఆ తర్వాతే బాపట్ల జిల్లాలోకి వచ్చింది. విజయచందర్ 1980లో బాపు తీసిన ‘రాజాధిరాజు’లోనూ యేసు, 1986లో షిరిడీ సాయిబాబా. రెండు మతాల ఇళ్లలోనూ ఒకే ముఖం పటంగా వెలిసిన నటుడు తెలుగులో ఇంకొకరు లేరు.

పేరాల అనగానే చరిత్ర చదివినవాళ్లకు గుర్తొచ్చేది 1921. మున్సిపాలిటీ పన్నులు కట్టం అని పదమూడు వేల మందికి పైగా జనం ఇళ్లు వదిలి ఊరి బయట రామనగర్ అనే పాకల పేట వేసుకున్నారు. దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. నడిపించినవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో చదివొచ్చినా పద్యం, పాట, జానపద కళలు ఆయనకు ఊపిరి. ఇక్కడి నేతపనివారి పేటల్లో జనాన్ని ఒక్కచోటికి తెచ్చే సాధనం అప్పుడూ ఇప్పుడూ పాటే.

బాపట్లకూ చీరాలకూ మధ్య, రైలు దారి పక్కనే స్టూవర్టుపురం ఉంది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన కాలనీగా 1913లో మొదలైంది. వలస ప్రభుత్వం ఒక అన్యాయమైన చట్టంతో కొన్ని కులాల మీద నేరస్థులని ముద్ర వేసింది. అలా ముద్రపడిన ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ ఉంచారు. ఊరికి ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలో హోం సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టుది. ఆ ఊరి గురించి సినిమాలు చెప్పిన కథ అందరికీ తెలుసు, చెప్పనిది ఆ కాలనీ వెనకున్న పాటల మనిషి సంగతి.

అప్పట్లో మన దేశంలో సాల్వేషన్ ఆర్మీ పెద్ద ఫ్రెడరిక్ బూత్-టక్కర్. ఐ.సి.ఎస్. ఉద్యోగం చేస్తూ 1881లో రాజీనామా ఇచ్చి, 1882 సెప్టెంబరు 19న నలుగురి బృందంతో బొంబాయిలో దిగారు. కాషాయం కట్టారు, చెప్పుల్లేకుండా నడిచారు, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నారు. వీధుల్లో వాయిద్యాలతో ఊరేగుతూ పాడినందుకు బొంబాయిలో అరెస్టు కూడా అయ్యారు. ఆయన స్వయంగా పాటల రచయిత. కలెక్టరు కాగలిగిన మనిషి డప్పు పట్టుకుని వీధిన పాడటమంటే ఆ రోజుల్లో దొరల సమాజం తట్టుకోగలిగిన విషయం కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తెలుగు క్రైస్తవ పాట చరిత్ర తిరగేస్తుంటే మళ్లీ మళ్లీ కనిపించేది ఇదే. పాట ఒక్కటే బతుకుదెరువుగా చేసుకున్నవాళ్లు దాదాపు లేరు. వకీలు, బడిపంతులు, సువార్తికుడు, ఇంజనీరు. జీతం ఒకచోట, పాట ఇంకోచోట. ఆ మొదటి పని రెండోదానికి కొత్త రంగు వేసింది.

అందరికన్నా ముందు చెప్పుకోవలసిన పేరు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం. 1833లో బాప్తిస్మం తీసుకున్నారు, ఆ తర్వాత జీవితమంతా సువార్త పనే. రాసిన కీర్తనలు వందకు పైమాటే, ‘నిస్తారరత్నాకరము’ వంటి గ్రంథాలు వేరే. దొరలు తెచ్చిన ఇంగ్లీషు వరసలకు తెలుగు మాటలు అతికించి పాడుతున్న కాలంలో ఆయన పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళాలతో కీర్తనలు కట్టారు. త్యాగరాజస్వామి 1847 దాకా జీవించి ఉన్నారని గుర్తుంచుకుంటే, తెలుగు క్రైస్తవ కీర్తన ఎంత మంచి ఋతువులో మొలకెత్తిందో అర్థమవుతుంది. ఆయన పని మీద సంగీత కళాశాలల్లో ఇంకా చాలా పరిశోధన జరగాలి.

‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం ఏ పాత క్రైస్తవుల ఇంట్లోనైనా ఉంటుంది. దాన్ని తెరిస్తే కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. కొన్నింటి మీద ‘ఛాయ’ అని రాసి, ఇంకో పాట మొదటి మాటలు ఇస్తారు. ఫలానా పాట వరసలో దీన్ని పాడుకోండి అని దానర్థం. స్వరాలు చదవడం రాని పల్లెలో కొత్త పాట నేర్పడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు. ఒకరు అందుకుంటారు, మిగతావాళ్లు తిరిగి పాడతారు. డోలక్, తాళాలు ఉంటే చాలు. పల్లవి పొట్టిగా ఉండటమూ అందుకే. చదువు రానివాడికి రెండుసార్లు వింటే వచ్చేయాలి.

చదువు రానివాళ్లే ఎక్కువమంది ఉన్న రోజులవి. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని. కరువు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో చాలామంది మాదిగలు, చెప్పులు కుట్టేవాళ్లు. పుస్తకం చేతికిచ్చినా అక్షరం తెలియదు. వాళ్లకు పాఠమూ పాటే, ప్రార్థనా పాటే.

క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్-క్లౌ ఆ జనం కథలతో 1899లో ఒక పుస్తకం వేశారు. దాని పేరు చెప్పుల కుట్టు పని మీదే ఉంటుంది. క్రైస్తవం రాకముందే మాదిగ పల్లెల్లో రాజయోగం చెప్పే గురువులు, వాళ్ల శిష్యపరంపరలు ఉన్నాయని అందులో వివరంగా ఉంది. తొలినాళ్ల క్రైస్తవుల్లో ముఖ్యుడైన ఎర్రగుంట్ల పేరయ్య అలాంటి పరంపరలోంచి వచ్చినవాడే. తోలు వ్యాపారం చేస్తూ ఊళ్లు తిరిగిన మనిషి. ఈ సంగతి తెలిశాక, కొత్త మతంతో పాటు పాట కూడా బయటి నుంచే వచ్చిందనే మాట నేను ఒప్పుకోను. కూర్చుని పాడే అలవాటు, గురువు ఒక ముక్క అంటే శిష్యులు అందుకోవడం, అన్నీ పల్లెలో ముందే ఉన్నవి.

ఇక అచ్చు సంగతి. తెలుగు లిపిలో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలు మన దేశంలో అచ్చుకాలేదు. జర్మనీలోని హాలె నగరంలో 1746 ప్రాంతంలో బెంజమిన్ షుల్జ్ వేయించిన క్రైస్తవ పుస్తకాలవి.

తెలుగులో పూర్తి బైబిలు 1854లో వచ్చింది. ఇప్పుడు కీబోర్డు, డ్రమ్స్ పెట్టి పాడే కుర్రవాళ్ల పాటల్లో కూడా ‘నీయందు’, ‘స్తోత్రార్హుడు’, ‘అతిపరిశుద్ధుడు’ లాంటి మాటలు వస్తున్నాయంటే అది పాత బైబిలు భాష చలవ. నిత్యం ఫోనులో ఇంకో తెలుగు రాసుకునే ఇరవై ఏళ్ల పిల్ల ఆదివారం ఈ తెలుగును తడుముకోకుండా పాడుతుంది. గ్రాంథికం ఇంకా నోట్లో బతికి ఉన్న చోట్లు తెలుగునాట కొన్నే మిగిలాయి, వాటిలో ఇదొకటి.

గుంటూరుకు అమెరికా నుంచి లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చింది 1842 జూలై 31న. ఆ మిషన్ పెట్టిన చదువుల కొనసాగింపే గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల. కరుణశ్రీ జంధ్యాల పాపయ్య శాస్త్రిగారు తెలుగు చెప్పింది అక్కడే. ఎన్టీఆర్, జగ్గయ్య చదివింది అక్కడే. ఈ సీమలో పాటకూ పద్యానికీ మతం గోడలు అంత ఎత్తుగా ఎప్పుడూ లేవు.

గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆయనా బతుకు కోసం ఎక్కువకాలం చేసింది పంతులు పనే.

ఇంకో పంతులుగారు ముంగమూరి దేవదాసు. రాజమండ్రి దగ్గర జేగురుపాడు మనిషి. లూథరన్ బళ్లలో పనిచేసి, 1938లో బైబిల్ మిషన్ స్థాపించారు. దాని కేంద్రం గుంటూరు కాకానితోట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఆయన పాటలు ఎన్నో ఉన్నాయి. ఏటా జనవరి ఆఖర్లో నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట జరిగే బైబిల్ మిషన్ మహాసభలకు తెనాలి, రేపల్లె పల్లెల నుంచి జనం సద్ది మూటలతో కదులుతారు.

‘నడిపించు నా నావ’ రాసినవారు ఎ.బి. మాసిలామణి (1914–1990). కాకినాడ తీరం వైపు పాస్టరు, పండితుడు. నడిసముద్రంలో పేతురు పడవ ఉన్న సువార్త కథను ఆయన పట్టుకున్న తీరు వల్లనే అనుకుంటాను, నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు తీరాల్లో వేటకు వెళ్లే కుటుంబాలకు అది సొంత పాట అయిపోయింది. కడలి మీద బతికేవాళ్లకు ఆ పాటలో ఎవరూ విడమరచి చెప్పాల్సింది ఏమీ లేదు.

పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, విదేశాల్లో ఇంజనీరింగ్ చదివిన భక్త సింగ్ (1903–2000) 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే సహవాస కేంద్రం పెట్టారు. ఆ సహవాసాల పాటల పుస్తకం ‘సీయోను గీతములు’. కోస్తాలో ఎన్నో ఊళ్లలో దాన్ని పట్టుకుని కూర్చునే సంఘాలున్నాయి. తాను కవి కాకపోయినా పాటల తరాన్ని పెంచినవారు.

రేడియో సంగతి. 1970 నుంచి సీషెల్స్ దీవుల్లోని ఫెబా అనే క్రైస్తవ రేడియో కేంద్రం షార్ట్‌వేవ్ మీద తెలుగు కార్యక్రమాలు వదిలేది. హిందూ మహాసముద్రం అవతలి నుంచి తెలుగు క్రైస్తవ పాట గరగరల మధ్య తేలుతూ మన డాబాల మీదికి వచ్చేది. ఆ ప్రసారాలు 2003లో ఆగాయి. ఆ తర్వాత రెండేళ్లకు యూట్యూబ్ పుట్టింది.

రేడియోకూ యూట్యూబ్‌కూ మధ్య క్యాసెట్టు కాలం. గాయకుడు సభకు వచ్చేటప్పుడు సంచిలో క్యాసెట్లు తెచ్చుకునేవాడు. కూటం అయ్యాక బల్ల మీద పరిచేవారు. పాట రాసినవాడికి చేతికి డబ్బు వచ్చిన మొదటి మార్గం, నిజాయితీగా చెప్పాలంటే, అదే.

గుంటూరు గోరంట్లలోని హోసన్నా మినిస్ట్రీస్ వ్యవస్థాపకుడు పాస్టర్ యేసన్న వేసిన దారి వేరు. బోధించేవాడే రాసేవాడు, పాడేవాడు. ఏటా ఒక కొత్త పాటల సంపుటి, ఏటా గుడారాల పండుగ. వెయ్యిమంది కలిసి ఒకేసారి నేర్చుకునేలా నింపాదిగా నడిచే పాటలు, ఒక్కో చరణంలో ఒక్కో వాక్య భాగం. రాగయుక్తమైన ప్రసంగాలు అవి. ఆయన తర్వాత కూడా ఆ ఆనవాయితీ తెగలేదు. కొత్త సంపుటి రాగానే వారం తిరక్కుండా చుట్టుపక్కల ప్రతి సంఘంలో ఎవరో ఒకరు నేర్చేసుకుంటారు.

ఒక్కరే రాసి, వరస కట్టి, పాడి, రికార్డు చేసే ఈనాటి పద్ధతికి తెలుగులో గట్టి ఉదాహరణ ఎ.ఆర్. స్టీవెన్‌సన్. ‘సింఫనీ’ పేరుతో ఆయన ఏళ్ల తరబడి ఈ పని చేస్తూనే ఉన్నారు. ఛందస్సు పట్టింపు, ప్రాస పట్టింపు ఉన్న మనిషి. ఆరాధన పాటకు మాట పొదుపు ముఖ్యమని ఆయన పాటలు విన్నప్పుడల్లా అనిపిస్తుంది.

మరో దారి సముద్రం దాటింది. అమెరికాలో స్థిరపడిన జాషువా షేక్ రాస్తారు, ప్రాణం కమలాకర్ సంగీతం చేస్తారు, సినిమాల్లో పేరున్న గొంతులు పాడతాయి. తీగ వాద్యాలు, వేణువు నిండుగా ఉండే ఆ పాటలు పేరాలలో క్రిస్మస్ రోజుల్లో పెళ్లి మైకుల్లోంచి కూడా వినిపిస్తాయి.

ఇప్పుడు పాట తయారీ ఇలా నడుస్తుంది. పాట రాసుకున్నవాడు ముందు ఫోనులో వరస పాడి పెట్టుకుంటాడు. కీబోర్డు ప్లేయరు ట్రాక్ కడతాడు. స్టూడియోలో గొంతు, ఆ తర్వాత మిక్సింగు, ఆ పైన వీడియో. ఖర్చు చాలాసార్లు సొంత జేబుదీ, లేదంటే సంఘంలో ఎవరో ఇచ్చిన కానుకదీ. పాట బాగుంటే మరుసటి ఆదివారానికి వంద సంఘాల్లో పాడేస్తారు. అతనికి పైసా రాదు. ఇందులో సంఘాల తప్పు వెతకక్కర్లేదు, చట్టమే అలా ఉంది.

మన కాపీరైటు చట్టం (1957) 52వ సెక్షన్ ప్రకారం నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాటను పాడటం ఉల్లంఘన కాదు. గుడిలో, చర్చిలో, మసీదులో ఎక్కడైనా సరే. భక్తికి సుంకం పెట్టకూడదన్న ఆ ఆలోచన నాకు ఇష్టమే. కానీ అదే పాట యూట్యూబ్‌లో ఎక్కించినప్పుడు, క్యాసెట్టుగా అమ్మినప్పుడు సంగతి వేరు. 2012 సవరణతో, రికార్డయిన పాటకు వచ్చే రాయల్టీలో గీత రచయితకూ సంగీత దర్శకుడికీ సమాన వాటా హక్కు దక్కింది. ఆ హక్కును ఎవరికో రాసిచ్చేసినా చెల్లదు, వారసులకో కాపీరైటు సంఘానికో తప్ప. మన కొత్త పాటల రచయితల్లో చాలామంది ఈ ఒక్క పేరా చదువుకుని ఉంటే ఎంతో మేలు జరిగేది.

పాశ్చాత్య సంఘాల్లో ఏర్పాటు ఇంకోలా ఉంటుంది. 1988లో అమెరికాలో మొదలైన సి.సి.ఎల్.ఐ. అనే సంస్థకు చర్చీలు తమ జనసంఖ్యను బట్టి ఏటా లైసెన్సు రుసుం కడతాయి. ఏ పాటలు వాడారో వంతులవారీగా లెక్క చెబుతాయి. ఆ లెక్కన రచయితలకు డబ్బు పంచుతారు. అక్కడ ఆరాధన పాటలు రాయడమే పూర్తికాలపు ఉద్యోగంగా పెట్టుకున్నవాళ్లు ఉన్నారంటే దీని వల్లే. తెలుగులో ఒక మంచి రచయిత ఇంకా పగలంతా వేరే పని చేసి, రాత్రి పాట రాసుకుంటున్నాడంటే అతనిలో లోపం లేదు, కింద ఆధారం లేదు.

డబ్బు సంగతి అలా ఉంచినా, కనీసం పేరు చెప్పవచ్చు. తెరమీద పాట సాహిత్యం వేసేటప్పుడు అడుగున చిన్న అక్షరాల్లో రచయిత పేరు వేయడానికి ఖర్చేమీ లేదు. పాత కీర్తనల పుస్తకం ఆ మర్యాద పాటించింది. కీర్తన కింద రచయిత పేరు ఉంటుంది. ఇప్పుడు ఫోను యాప్‌లలో, యూట్యూబ్ లిరిక్ వీడియోల్లో పాడినవారి పేరు పెద్దగా ఉంటుంది, రాసినవారి పేరు మాత్రం ఎన్నోసార్లు వెతికినా దొరకదు.

చివరగా ఒక లెక్క. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాత ఏడాది మొదలు 60 ఏళ్లు రచనకు రక్షణ ఉంటుంది. పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, ఎలాగైనా పాడుకోవచ్చు. జాన్సన్ పాటకు 2048 చివరిదాకా, మాసిలామణి పాటలకు 2050 చివరిదాకా రక్షణ ఉంది.